మొగుడు మేపిన చెయ్యి

కదలొద్దన్నప్పుడే ముక్కు దురద పెట్టడం ఏ దేవుడి చమత్కారమో. పొద్దున్నుంచీ బుద్ధిగా ఉన్న ముక్కు, ఈ సన్నటి బల్ల మీద పడుకోబెట్టి, గడ్డం దాకా ఆకుపచ్చ గుడ్డ కప్పి, "అమ్మా, ఇక మీరు బొమ్మలా ఉండాలి" అని డాక్టర్ బాఫో అన్న మరుక్షణం మొదలెట్టింది. ఎడమచెయ్యి ఖాళీగానే ఉంది కానీ గుడ్డ కింద ఉంది, బయటికి తీస్తే శుభ్రం చేసిందంతా మైలపడుతుందట. కుడిచెయ్యి సంగతి సరేసరి, ఇవాళ్టికి అది డాక్టరుగారి సొత్తు. పక్కకి చాపి, పసుపురంగు మందు పూసి, మోచేతి పైన మత్తు సూది గుచ్చి, అక్కణ్ణుంచి సన్నటి తీగ ఒకటి నరంలోకి పంపుతున్నాడు. చెయ్యి అని అనడమే గానీ అది చెయ్యిలా ఉండి ఎన్నాళ్ళయిందని! భుజం నుంచి వేళ్ళ కొసల దాకా ఉబ్బి, నున్నగా మెరుస్తూ, సంతలో బేరానికి పెట్టిన పెండలం దుంపలా ఉంది. వేలితో నొక్కితే గుంట పడుతుంది, ఆ గుంట పూడటానికి తొందరేమీ ఉండదు. అబ్బ, ముక్కు. ఒక్కసారి, ఒక్క గోరు ఆనిస్తే చాలు.

తీగ దాటితే నా చెయ్యి నాకు దక్కుతుంది, దాటకపోతే పోతుంది, ఇందులో తిరకాసేమీ లేదు. మూత్రపిండాలు నన్ను వదిలేసి చాలాకాలమైంది. మంగళవారం, శుక్రవారం మిషను పక్కన కూర్చుంటాను, అది నా రక్తం తీసుకుని ఉతికి జాడించి తిరిగిస్తుంది. అందుకోసం చేతిలో రెండు నరాలు కలిపి కుట్టారు, ఫిస్టులా అంటారు, వేలు ఆనిస్తే లోపల తేనెటీగ ఉన్నట్టు జుమ్మంటుంది. ఎడమచేతి తేనెటీగ ఎప్పుడో చచ్చిపోయింది. కుడిచేతిది తయారయ్యే దాకా మెడ కింద గొట్టం పెట్టి నడిపించారు. తర్వాత గొట్టం తీసేశారు కానీ, అది ఒరుసుకున్నచోట గుండెకి వెళ్ళే పెద్దనరం లోపల మచ్చకట్టి బిగుసుకుపోయింది. చేతిలోంచి ఉరుకుతూ వచ్చిన రక్తం గుమ్మం దాకా వచ్చి నిలబడిపోతోంది. మా ఆయన అసుబొంటెన్ ట్రోట్రో నడుపుతాడు, అదే, జనాన్ని కుక్కుకుని తిరిగే వ్యాను, అందుకని డాక్టరు ఆయనకి ఆయన భాషలోనే చెప్పాడు. "కెజెటియా సంత దగ్గర పెద్దరోడ్డు మూసేస్తే మీరేం చేస్తారు?" అని. "సందుల్లో దూరతాం. అందరం ఒకే సందులో దూరి తిట్టుకుంటాం" అన్నాడు మా ఆయన. "ఆవిడ రొమ్ము మీద, భుజం మీద తేలిన ఆ నీలం నరాలు చూశారా? ఆ సందులే అవి. పెద్దరోడ్డు తెరవలేకపోతే చేతిలో ఫిస్టులా కట్టెయ్యాల్సొస్తుంది. వాపు తగ్గుతుంది, కానీ మిషనుకి చెయ్యి ఉండదు. మళ్ళీ మెడలో గొట్టమే. గొట్టం పెట్టిన ప్రతిచోటా ఒక గుమ్మం మూసుకుపోతుంది." అన్ని గుమ్మాలూ మూసుకుపోతే ఏమిటని మా ఆయన అడగలేదు. నేనే అడిగాను. "అక్కడి దాకా వెళ్ళొద్దమ్మా" అన్నాడు డాక్టరు. సరే, వెళ్ళలేదు. వెళ్ళకుండా ఇక్కడ పడుకుని ముక్కు గురించి ఆలోచిస్తున్నాను.

గది చల్లగా ఉంది, చేపల కొట్టులో ఐసు పెట్టెలోకి తల దూర్చినంత చల్లగా. మూల రేడియోలో ఎవరో పాత గిటారు పాట సన్నగా పెట్టారు, డాక్టరు ముక్కుతో దానికి వంత పాడుతున్నాడు, శ్రుతి లేదు. సిస్టర్ అరబా అటూ ఇటూ తిరుగుతోంది, ఒంటి మీద సీసపు కోటు, ఎక్స్‌రే తగలకుండా వేసుకుంటారట. అదెవడు కుట్టాడో గానీ వాడి చేతులు విరగ. భుజాల దగ్గర జారుతోంది, నడుం దగ్గర సంచిలా వేలాడుతోంది, చక్కటి నడుమున్న పిల్ల, చూస్తే ప్రాణం ఉసూరుమంటోంది. రెండు పక్కలా చిన్న మడత వేస్తే ఎంతలోకి సర్దుకుంటుంది! మా కుమాసీలో, అసాఫో పేటలో నా కుట్టుకొట్టు ముందు నుంచి ఇలాంటి కోటుతో నడిచివెళ్తే ఊరుకుంటానా, పిలిచి విప్పించి కుట్టిపంపిస్తాను. కుట్టడం... కుట్టి ఎన్నాళ్ళయింది? కత్తెర వేలికి ఎక్కదు, సూది గుచ్చుకోకుండా తొడిగే అంగుస్తానం సరేసరి. గుడ్డ నేను చూపిస్తే పిల్లలు కత్తిరిస్తారు, నేను కుర్చీలో కూర్చుని అరుస్తాను. అరవడానికి చేతులక్కర్లేదు, అదొక్కటే అదృష్టం.

ఈ చెయ్యి మీదే కదా నేను ఊరంతటినీ వెర్రిదాన్ని చేసింది. అసలు నేను చెయ్యలేదు, ఊరే తనంతట తాను వెర్రిదైంది. వాపు మొదలైనప్పుడు జాకెట్టు కుడిచెయ్యి పట్టక, ఆ ఒక్కచేతికే పెద్ద బుట్టచెయ్యి పెట్టుకున్నాను, గోపురంలా లేపి, కింద మూడు వరసల కుచ్చు వేసి. ఎడమచెయ్యి మామూలే. దాచుకుందామని కుట్టుకున్నదే అది. ఆ ఆదివారం చర్చి మెట్లెక్కుతుంటే మా ఆడపడుచు కొనాడు ఎదురైంది. మహిళా సంఘానికి పెద్ద, పూనకం వచ్చినట్టు మాట్లాడుతుంది, మా ఆచారం ప్రకారం తమ్ముడి పెళ్ళాం తనకీ పెళ్ళామే కాబట్టి నన్ను నలుగురిలోనూ అలాగే పిలుస్తుంది. "ఒసే పెళ్ళామా! ఎంత ఒళ్ళు చేశావే! మొహం చూడండర్రా, నిండుచందమామ! ఏం పెడుతున్నాడే మా తమ్ముడు?" అని మెట్లమీదే నన్ను గుండ్రంగా తిప్పేసింది. రక్తం దారి దొరక్క నా మొహం ఉబ్బితే ఆవిడకది సంసార సుఖంలా కనిపించింది. మా వైపు ఎవరన్నా లావెక్కితే దిష్టి తియ్యరు, చప్పట్లు కొడతారు. చిక్కితేనే, ఏమైంది పాపం అని గొంతు తగ్గించి అడుగుతారు. "మిషను ఒంటికి పడిందన్నమాట" అంది ఒకావిడ. "మిషను కాదు, మొగుడు" అంది కొనాడు వదిన. తర్వాత ఆవిడ కళ్ళు నా బుట్టచేతి మీద పడ్డాయి. "ఇదేం మోడలే? ఒక్కచేతికే పెట్టావేం?" ఏం చెప్పను? నోరు తెరిచేలోపే ఆవిడే జవాబు చెప్పేసుకుంది. "తెలిసిందిలే! కుడిచెయ్యి తినే చెయ్యి కదా! మొగుడు మేపిన చెయ్యి!" అంతే, మెట్లన్నీ నవ్వులు. మరుసటి వారానికి నలుగురొచ్చారు, మాకూ మొగుడు మేపిన చెయ్యి కుట్టు మేడమ్ అని. ఆపైన పెళ్ళికూతుళ్ళు, ఆపైన పాస్టరమ్మ. మొగుడు పోయినావిడ కూడా వచ్చి గుసగుసగా, "నాకు ఎడమవైపు పెట్టు, ఎవరికీ తెలియదు" అంది. కుమాసీలో ఇవాళ సగంమంది ఆడవాళ్ళు నా జబ్బుని కుట్టించుకుని తొడుక్కుని తిరుగుతున్నారు. నవ్వు రాదూ మరి?

"అమ్మా, నవ్వకండి. చెయ్యి ఊగుతోంది."

"నవ్వలేదు నాయనా, దగ్గొచ్చింది."

మేపడమట! ఆ మేపిన మొగుడి బాగోతం నాకు కదా తెలుసు. ఉప్పు డబ్బా ఎక్కడో దాచేశాడు, అరటికాయ దంచి ఫుఫూ చేసుకుందామంటే మిషను మీదున్నవాళ్ళకి అరటి వద్దన్నారు కదా అని రోకలే పక్కింటికి ఇచ్చేశాడు. మంచినీళ్ళు ఆయన చేత్తో గ్లాసులో కొలిచి ఇస్తాడు, అదీ మందు గ్లాసంత. దాహం వేసి ఏడిస్తే ఒక ఐసుముక్క నా నోట్లో పెట్టి, తనూ ఒకటి నోట్లో పెట్టుకుని ఎదురుగా కూర్చుంటాడు, ఎవరిది ముందు కరుగుతుందో చూద్దామని. నాదే ముందు కరుగుతుంది. ఆయన మోసం చేస్తాడు, నాకు తెలుసు, దవడలో దాస్తాడు. కానీ వీధిలో మాత్రం, బండిలో ఎక్కిన ప్రతి ఆడదానికీ బుట్టచెయ్యి చూపించి, "ఈ మోడల్ నా పేరు మీద పెట్టిందే" అని మీసం దువ్వుతాడు. పచ్చిక కూడా వెయ్యకుండా పశువుని మేపానని పేరు తెచ్చుకున్న మగాడు లోకంలో ఈయనొక్కడే ఉంటాడు. అయినా నాకు ఈయనే కావాలి.

ఒళ్ళంతా వేడి పాకింది. రంగు మందు ఎక్కించారట, తెర మీద నరం కనపడాలని. తల కాస్త తిప్పితే నాకూ కనిపిస్తోంది, బూడిదరంగు పక్కటెముకల మధ్య నల్లటి వాగు ఒకటి చేతిలోంచి వచ్చి, మెడ కిందికి రాగానే టక్కుమని ఆగి, చెదిరి, చిన్నచిన్న పాయలుగా చీలిపోయింది. సందులు. మా ఆయన ఉంటే గుర్తుపట్టేవాడు. తీగ కొస ఆ ఆగినచోటికి వచ్చి పొడుస్తోంది, వంగుతోంది, వెనక్కి వస్తోంది. మళ్ళీ పొడుస్తోంది. డాక్టరు పాట ఆగిపోయింది. "వేరే తీగ ఇవ్వండి, గట్టిది" అన్నాడు. "రేడియో కట్టెయ్యండి" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది కానీ రేడియో కట్టెయ్యమన్నాడు కదా, నాకు అర్థమైపోయింది. దాటట్లేదు. మూతపడిన నడుంపట్టీలో నాడా ఎక్కిస్తున్నప్పుడు ఇలాగే అవుతుంది, పిన్నీసు ఒకచోట ఇరుక్కుని ముందుకీ పోదు వెనక్కీ రాదు. అప్పుడు రెండోవైపు నుంచి ఇంకో పిన్ను పంపి దారి చెయ్యాలి. చెప్పనా? పెద్ద చదువులు చదివినవాడికి నేను చెప్పేదేమిటి? అయినా నోరు ఊరుకుంటేనా.

"నాయనా, రెండోవైపు నుంచి రాకూడదూ?"

"అదే చేస్తున్నానమ్మా. తొడ దగ్గర మీకు మత్తు ఇచ్చి చాలాసేపైంది. మీరు మోడళ్ళ గురించి ఆలోచిస్తున్నట్టున్నారు."

సిస్టర్ అరబా కిసుక్కుమంది. నా తెలివి తెల్లారినట్టే ఉంది. తొడ దగ్గర గుచ్చిన సంగతే నాకు తెలియదు, సలహాలొకటి. అరబా ఒంగి నా చెవి దగ్గర, "ఆంటీ, భయమేస్తోందా?" అంది. తీరప్రాంతం పిల్ల, మాటలో సముద్రం యాస, ఆ ఊళ్ళవాళ్ళకి చేపా, సోకూ తప్ప ఇంకేం తెలియవని మేం వెక్కిరిస్తాం గానీ ఈ పిల్ల గొంతు చల్లగా ఉంది. "భయం సంగతి తర్వాతమ్మా, ముక్కు దురద" అన్నాను. గ్లవుజు వేలితో గోకింది. అమ్మ కడుపు చల్లగా! స్వర్గం ఎక్కడో లేదు, ఆ పిల్ల చూపుడువేలి చివర ఉంది. కళ్ళలో నీళ్ళొచ్చేశాయి, దురద తీరినందుకే అనుకుంది కాబోలు.

దురదకి కాదు. భయమేస్తోంది. నిజంగా వేస్తోంది. చెయ్యి కట్టేస్తే చావనని తెలుసు, వెంటనే చావను. ఇంకో గొట్టం, ఇంకో గుమ్మం. నాకు చెయ్యి కావాలి. మిషను కోసం కావాలి, కత్తెర కోసం కావాలి, అన్నిటికన్నా... నవ్వుతారు చెబితే. టప్ కోసం కావాలి. మా వైపు ఎవరం చెయ్యీ చెయ్యీ కలిపినా ఊరికే విడవం, విడిచేటప్పుడు నా నడివేలూ నీ నడివేలూ ఒకదాన్నొకటి పట్టి లాగి టప్‌మని మోగాలి. మోగితే మనసులు కలిసినట్టు. అసుబొంటెన్‌ని నేను మొదటిసారి చూసింది ఒక శనివారం, ఎవరిదో చావు, అందరం నల్లబట్టల్లో వరసగా కుర్చీల్లో ఉన్నాం. ఆలస్యంగా వచ్చాడు మహానుభావుడు, కుడినుంచి ఎడమకి ఒక్కొక్కరికీ చెయ్యి కలుపుతూ వస్తున్నాడు, అందరితోనూ చప్పగా, ఒద్దికగా. నా దగ్గరికి వచ్చేసరికి ఏమైందో, మా ఇద్దరి వేళ్ళూ తుపాకీ పేలినట్టు మోగాయి. మా పెద్దమ్మ ఉలిక్కిపడి, "శవం గానీ లేచిందా ఏమిటే" అంది. నవ్వు ఆపుకోలేక ఇద్దరం చావింటి వెనక్కి పరిగెత్తాం, విడివిడిగానే వెళ్ళాం, అక్కడ కలిశాం. పెళ్ళయ్యాక రోజూ తెల్లారి మొదటి ట్రిప్పుకి వెళ్ళేముందు గుమ్మంలో చెయ్యి చాపేవాడు. "నీ వేలు మోగందే నా బండి స్టార్టవదు" అనేవాడు. ఇన్నేళ్ళూ అదే మాట. చెయ్యి ఉబ్బాక వేళ్ళు మడతపడవు, మోగవు. జనానికి చెయ్యి బదులు మణికట్టు అందిస్తున్నాను, ఏదైనా ఇవ్వాలంటే ఎడంచేత్తో ఇచ్చి, ఎడంచెయ్యి మన్నించండి అని లెంపలేసుకుంటున్నాను. ఒళ్ళు చేసింది, పొగరూ పెరిగింది అనుకుంటున్నారట. అనుకోనీ. మా ఆయన మాత్రం తెల్లారి నా మణికట్టు మీద రెండు వేళ్ళు ఆనించి, తేనెటీగ జుమ్మంటోందో లేదో చూసి వెళ్తాడు. ఒకరోజు కిటికీలోంచి చూశాను. గేటు దాటి, బండి తలుపు తీసి, ఎవరూ చూడట్లేదనుకుని తన చేతివేళ్ళు తనే టప్‌మనిపించుకుని అప్పుడు ఎక్కాడు. ఆ రోజు నా ఏడుపుకి ఒక ఐసుముక్క చాలలేదు.

"పట్టుకున్నాను" అన్నాడు డాక్టరు. ఎవరితో అన్నాడో. "అలాగే ఉంచండి. కింది తీగ పైదాన్ని పట్టుకుంది. లాగండి, నెమ్మది... నెమ్మది... దాటింది. అమ్మా, దాటింది!"

దాటింది! లేచి గంతెయ్యాలని ఉంది, బొమ్మలా ఉండాలి. తెర మీద ఆ సన్నటి గీత చేతిలోంచి వచ్చి, ఆగినచోటు దాటి, గుండె దాకా తిన్నగా వెళ్ళింది, నేను గీసిన ఏ కుట్టుగీతా అంత తిన్నగా లేదు. ఇక బుడగ పంపుతాడట, ఇరుకులో ఉబ్బించి దారి వెడల్పు చేస్తాడట, నొప్పిగా ఉంటుంది అన్నాడు. ఉంది. అమ్మో, ఉంది. మెడ కింద, ఎముక వెనకాల, ఎవరో మోకాలు పెట్టి లోపల్నుంచి బయటికి తోస్తున్నట్టు. "నడుం ఇంకా ఉంది" అంటున్నాడు డాక్టరు, "పెంచండి. నడుం పోవాలి. ఇంకా పెంచండి." ఎవరి నడుం? నాకు నడుం పోయి ఇరవయ్యేళ్ళు దాటింది నాయనా. తర్వాత చూశాను, బుడగ మధ్యలో ఇరుకు నొక్కినచోట సన్నగా, అచ్చం బిగుతు జాకెట్టు తొడిగినట్టు నడుముంది. జీవితమంతా లేని నడుములు ఉన్నట్టు కుట్టిపెట్టి బతికాను, ఈ డాక్టరేమో ఉన్న నడుం పొమ్మని బతిమాలుతున్నాడు. ఏడుపూ నవ్వూ కలిసిపోయి ముక్కులోంచి ఏదో శబ్దం వచ్చింది. "పోయింది నడుం!" అన్నాడు డాక్టరు. నొప్పి దిగిపోయింది. మళ్ళీ రంగు మందు, మళ్ళీ వేడి, ఈసారి నల్లటి వాగు ఎక్కడా ఆగలేదు, ఒక్క ఊపున వెళ్ళి గుండెలో పడింది. సందులన్నీ ఖాళీ. అరబా రేడియో పెట్టింది.

"మళ్ళీ బిగుసుకోవచ్చమ్మా. కొన్ని నెలలకి మళ్ళీ రావాల్సి రావచ్చు, ముందే చెబుతున్నా."

"రవికె అన్నాక ఎప్పుడో ఒకప్పుడు బిగుస్తుంది నాయనా. విప్పి కుట్టేవాడుంటే చాలు. వచ్చేటప్పుడు ఈ పిల్ల కోటు నాకివ్వండి, రెండు మడతలేసి ఇస్తా."

బల్ల మీంచి మంచం మీదికి, మంచం మీంచి బయట వరండాలోకి. చెయ్యి దిండు మీద పెట్టారు, కదపొద్దన్నారు, వేళ్ళు మాత్రం ఆడించుకోవచ్చన్నారు. చెయ్యి తేలిగ్గా ఉంది, బకెట్టు దించేసినట్టు. ముందు కొనాడు వదిన వచ్చింది, ఒక్కచేతికి గోపురమంత బుట్ట ఊపుకుంటూ, ఆసుపత్రికి కూడా అదే తొడుక్కొచ్చింది మహాతల్లి. నా మొహం చూసింది, చెయ్యి చూసింది, వేలితో నొక్కింది. గుంట పడి, అప్పుడే కాస్త పూడుతోంది. ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. మిషనూ, వాపూ, బుట్టా, ముడి అంతా ఆవిడ బుర్రలో విడిపోవడం నాకు స్పష్టంగా కనిపించింది. "ఒసే పెళ్ళామా," అంది చివరికి, "అది తిండి కాదా? నేనేమో ఊరంతా..." తన బుట్టచేతిలో మొహం దాచుకుని ఏడ్చింది, చాలా పట్టింది అందులో. "ఊరుకో వదినా, పేరు నువ్వు పెట్టిందే నిజం. మేపింది మీ తమ్ముడే" అన్నాను.

ఆయన వెనకాల నిలబడి ఉన్నాడు, చేతిలో మందు గ్లాసంత నీళ్ళు. గ్లాసు కిటికీలో పెట్టి, మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, దిండు మీద ఉన్న నా చెయ్యిని కదపకుండా, తన చేతినే దాని కిందికి దూర్చాడు. తేనెటీగ జుమ్మంటోందో లేదో చూశాడు. జుమ్మంటోంది. తర్వాత వేళ్ళు కిందికి జరిపి, నడివేలు నా నడివేలికి తగిలించి లాగాడు. జారిపోయింది. మోగలేదు.

"ఆ రాసిన మందు జిడ్డు" అన్నాను. "మళ్ళీ."

వేలు ప్యాంటుకి తుడుచుకున్నాడు, నా వేలు కూడా తుడిచాడు. మళ్ళీ తగిలించాడు. ఈసారి నేనూ వంచాను, ఎంత వంగితే అంత, నొప్పిగా, మొండిగా వంగింది.

టప్.

చిన్నదే. చావింట్లో అయితే ఎవరూ ఉలిక్కిపడేవాళ్ళు కాదు. ఆయన మాత్రం లేచి నిలబడి, జేబులోంచి బండి తాళాలు తీశాడు. "ఇప్పుడెక్కడికిరా?" అంది కొనాడు వదిన, బుట్టచేత్తో ముక్కు తుడుచుకుంటూ.

"ఎక్కడికీ కాదక్కా," అన్నాడు ఆయన, తాళాలు అరచేతిలో ఎగరేసుకుంటూ, కళ్ళనిండా నీళ్ళతో. "బండి స్టార్టయింది."